దియా, ఎక్కావా?

ఆ స్టేషన్ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీలో ఎవరో ఒకరు మ్యాప్‌లో వెతికి, రైలు పాస్ కొనుక్కుని మరీ వెళ్తారు. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు. వద్దన్న చోటికే ముందు వెళ్తాం, వెళ్ళి ఫొటో కూడా పెడతాం. జపాన్‌లో ఉత్తరాన తోహోకు అనే ప్రాంతం ఉంది. అక్కడ, మంచు బాగా పడే కొండల మధ్య ఉందని మాత్రం చెబుతాను. అది చాలు.

నా పేరు తేజేశ్వర్. జెర్సీ సిటీలో గ్రోవ్ స్ట్రీట్ స్టేషన్‌కి రెండు బ్లాకుల దూరంలో, ఇరవై మూడో అంతస్తులో ఉంటాం. రోజూ పాత్ అనే మెట్రో రైల్లో నది కిందుగా మన్‌హట్టన్ వెళ్ళి, ఒక బ్యాంకులో కోడ్ రాసి, మళ్ళీ నది కిందుగా ఇంటికొస్తాను. నా భార్య చాముండేశ్వరి. అంత పేరు అమెరికాలో ఎవరి నోరూ తిరగదు కాబట్టి అందరికీ చాము. మాకు ఒక్కతే కూతురు, దియ. పోయిన ఫిబ్రవరిలో జ్వరమని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం. పదకొండో రోజున మాకు లేకుండా పోయింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

దియకి రైళ్ళ పిచ్చి. పాత్ రైల్లో మొదటి పెట్టెలోనే ఎక్కాలి, ముందు అద్దానికి ముక్కు ఆనించి సొరంగం చూడాలి. జపాన్ రైళ్ళ వీడియోలు చూసీ చూసీ, అక్కడి స్టేషన్లలో రబ్బరు స్టాంపులు ఉంటాయని, వచ్చినవాళ్ళు తమ పుస్తకంలో వేసుకోవచ్చని కనిపెట్టింది. ఒక ఆకుపచ్చ అట్ట నోట్‌బుక్ కొనిపించుకుంది. ఒక్కో పేజీ పైన ఒక్కో స్టేషన్ పేరు రాసి, కింద ఖాళీ వదిలింది. అలా పదకొండు పేజీలు. "డాడీ, సమ్మర్‌లో వెళ్దామా? ప్రామిస్ చెయ్యి," అనేది. ప్రాజెక్ట్ రిలీజ్ అయ్యాక చూద్దాం అనేవాణ్ణి. మూడు సమ్మర్లు అలాగే అన్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. దియకి ఐదేళ్ళప్పుడు జర్నల్ స్క్వేర్ స్టేషన్‌లో రైలు ఎక్కుతూ ఫోన్‌లో ఆఫీసు మెసేజ్ చూసుకుంటున్నాను. నేను లోపల, అది బయట. తలుపులు మూసుకున్నాయి. అద్దం మీద దాని రెండు అరచేతులు కనిపించాయి. రైలు కదిలిపోయింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదురు రైలు పట్టుకుని వెనక్కి రావడానికి పదమూడు నిమిషాలు పట్టింది. ఎవరో ముసలావిడ, ఏ దేశమో కూడా తెలియదు, దాని చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ పదమూడు నిమిషాలు నా ప్రాణం ఎక్కడుందో నాకే తెలుసు.

ఆ రోజు నుంచి మాకొక అలవాటు. ఏ రైలు ఎక్కినా తలుపులు మూసుకునే ముందు నేను అడగాలి, "దియా, ఎక్కావా?" అది చెప్పాలి, "ఎక్కా డాడీ." ఎదురుగా నా చొక్కా పట్టుకుని నిలబడి ఉన్నా సరే, అడగాల్సిందే, చెప్పాల్సిందే. పెట్టెలో జనం నవ్వేవాళ్ళు.

మన సాఫ్ట్‌వేర్ జాతికి స్టాంపింగ్ అంటే ఒకటే, వీసా. పోయిన డిసెంబర్‌లో దానికోసమే హైదరాబాద్ వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో జపాన్‌లో ఆరు రోజులు ఆగుదామని చాము అడిగింది. పది నెలల్లో తను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది, అంతే. "దాని పుస్తకంలో స్టాంపులు వేయించుకొద్దాం తేజా. ఇంకేం అడగను," అంది. ఏడవకుండా ఉండటానికి నేను లేచి ల్యాప్‌టాప్ తెరిచి టికెట్లు మార్చాను.

ఎయిర్‌పోర్ట్‌లో మా అత్తగారు నన్ను పక్కకి పిలిచింది. "బాబూ, ఊరు కాని ఊరు వెళ్తున్నారు. అసురసంధ్య వేళ దాని పేరు పెట్టి పిలవకండి. పోయినవాళ్ళని పిలవకూడదు."

"ఏం అత్తయ్యా, పలుకుతారా?" అన్నాను, కాస్త వెటకారంగానే.

"పలికేది వాళ్ళే అయితే బాధేముంది బాబూ," అందావిడ.

నేను పట్టించుకోలేదు. అల్లుణ్ణి కదా.

తోహోకులో తిరగడానికి మాలాంటి విజిటర్లకి ఐదు రోజుల పాస్ ఉంటుంది. ఆ ఐదు రోజులూ పెద్ద రైలు, చిన్న రైలు అని లేకుండా ఎక్కొచ్చు, దిగొచ్చు. మొదటి రోజు సెందాయ్, తర్వాత మొరియోకా. దియ రాసిన వరసలోనే వెళ్ళాం. ప్రతి స్టేషన్‌లో ఒక మూల చిన్న బల్ల, దానిమీద స్టాంపు, ఇంకు. చాము పుస్తకం తెరిచి, పేజీ సర్ది, స్టాంపు నొక్కేది. నొక్కేటప్పుడు కళ్ళు మూసుకునేది. స్టాంపులన్నీ వంకరగా పడ్డాయి. ఒక్కటీ తిన్నగా లేదు.

రెండో రాత్రి ఒక చిన్న సత్రంలాంటి దాంట్లో ఉన్నాం. మేం గుమ్మంలో విడిచిన బూట్లని ఆ ఇంటావిడ వంగి, ముందువైపు బయటికి ఉండేలా తిప్పి పెట్టింది. ఎందుకని ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి అడిగాం. వెళ్ళేటప్పుడు కాలు పెట్టుకుని అలాగే నడిచి పోవడానికట. "మన దియ చెప్పులు ఒకటి తూర్పుకి ఉంటే ఒకటి పడమరకి ఉండేది," అంది చాము. కొంచెం నవ్వినట్టే అంది. నాకు ఆశ పుట్టింది.

మూడో రోజు నోట్‌బుక్‌లో తొమ్మిదో పేజీ. నేను పేరు రాయనన్న స్టేషన్ అదే.

ఆ లైన్లో ఒకటే పెట్టె ఉన్న డీజిల్ బండి తిరుగుతుంది. టీసీ ఉండడు, గార్డు ఉండడు, డ్రైవర్ ఒక్కడే. వెనక తలుపులోంచి ఎక్కాలి. తలుపు పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది, దాంట్లోంచి నంబరు వేసిన చీటీ వస్తుంది. మీరు ఏ స్టేషన్‌లో ఎక్కారో దానికి ఆ నంబరు. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డ్రైవర్‌కి ఆ చీటీ ఇవ్వాలి. మాకు పాస్ ఉంది కాబట్టి చీటీ అక్కర్లేదు. చలి దేశం కదా, తలుపులు కూడా వాటంతట అవి తెరుచుకోవు. దిగేవాళ్ళు లోపల బటన్ నొక్కాలి, ఎక్కేవాళ్ళు బయట బటన్ నొక్కాలి. నొక్కితే టింగ్ అని చిన్న గంట మోగుతుంది. దియ ఈ బటన్ గురించి ఎన్ని వీడియోలు చూసిందో లెక్కలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి ఆ స్టేషన్‌లో దిగాం. తర్వాతి బండి సాయంత్రం ఐదింటికి. స్టేషన్‌లో ఉద్యోగులెవరూ ఉండరు. ఒక ప్లాట్‌ఫారం, ఒక చెక్క గది, చుట్టూ నడుము లోతు మంచు. ఒక్క శబ్దం లేదు. మంచు పడుతుంటే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, మన చెవుల్లోని శబ్దమే మనకి వినిపిస్తుంది.

చెక్క గదిలో కిరోసిన్ స్టవ్ వెలుగుతోంది. ఆ వాసన, తడి ఊలు వాసన. స్టవ్ పక్కన బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. పక్కన అల్లిన చిన్న మెత్త ఒకటి, ఖాళీగా. ఒడిలో ఒక జత ఎర్ర రబ్బరు బూట్లు. చిన్నవి. పాతబడి రంగు వెలిసిపోయినా శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

చాము స్టాంపు వేసింది. రైలు, పక్కన పండ్లున్న చెట్టు. అదీ వంకరగానే పడింది. ముసలావిడ చూసి ఏదో అంది. చాము తన పక్కన కూర్చుని ఫోన్ ముందుకి పెట్టింది. ఆ యాప్ తెలుగు గవర్నమెంట్ నోటీసులా ఉంటుంది. "పుస్తకము ఎవరిది?" అని అడిగింది ఫోను.

"మా అమ్మాయిది. లేదు ఇప్పుడు," అంది చాము.

ఫోను ఆ మాటని తనకి తోచినట్టు చెప్పింది. ముసలావిడ చాము చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చిన్నగా, ఆగి ఆగి ఏదో చెప్పింది. ఫోను చదివింది: "నా కుమార్తె బండిని చూచుటకు బయటకు వెళ్ళినది. మంచు ఎక్కువ. బూట్లు ఇక్కడ మిగిలినవి. ఐదు సంవత్సరములు."

ఐదేళ్ళ క్రితమా, ఐదేళ్ళ పిల్లా అని నేను అడగబోయాను. ఆవిడ వయసు చూసి నాకే అర్థమైంది.

"చీకటి అనిన భయము. సాయంత్రపు బండి శబ్దము వినిన వచ్చును. వచ్చి ఇచ్చట కూర్చొనును. నేను కూడ కూర్చొందును. పిదప ఇంటికి వెళ్ళెదము," అంది ఫోను. ముసలావిడ ఆ ఖాళీ మెత్త మీద చెయ్యి వేసి తట్టింది. పక్కన పిల్ల ఉంటే ఎలా తడతామో అలా.

చాము ఏడ్చింది. ఆ ఏడుపులో ఓదార్పు కూడా ఉంది. ముసలావిడ సంచిలోంచి కమలాపళ్ళు తీసి ఇచ్చింది. రెండు కాదు, మూడు. నేను ఒకటి వెనక్కి ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి, నోట్‌బుక్ వైపు చూపించింది. ఆ మూడోది దియకి.

అంత మంచిదావిడ. అది మర్చిపోకండి.

నాలుగుంపావుకే చీకటి పడటం మొదలైంది. మంచు ముందు నీలంగా, తర్వాత బూడిదరంగుగా మారింది. ఐదింటికి దూరంగా ఇంజన్ చప్పుడు, పట్టాల మీద పసుప్పచ్చ వెలుగు. ముసలావిడ నడుం నిటారుగా చేసుకుని, ఎర్ర బూట్లు తీసి మెత్త కింద నేల మీద పెట్టింది. ముందువైపు బయటికి తిప్పి.

మేం దండం పెట్టి బయటికొచ్చాం. బటన్ నొక్కి వెనక తలుపులోంచి ఎక్కాం. లోపల ఇద్దరు ముగ్గురే ఉన్నారు, నిద్రపోతున్నారు. వేడి, డీజిల్ వాసన. చలి లోపలికి రాకుండా చాము తలుపు మూసే బటన్ నొక్కింది. తలుపు మూసుకుంది. నేను కమ్మీ పట్టుకున్నాను. నాలుగేళ్ళు రైలెక్కినప్పుడల్లా అడిగిన నోరు కదా. దానంతట అదే అనేసింది.

"దియా, ఎక్కావా? రామ్మా."

చాము నా వైపు చూసింది. క్షమించు అనబోయాను...

టింగ్.

తలుపు తెరుచుకుంది.

బయట ఎవరూ లేరు. మంచు గాలి మోకాళ్ళని తాకింది. చీటీల పెట్టె చిన్నగా గర్రుమంది... ఒక చీటీ బయటికొచ్చింది. పెట్టె నోట్లో రెపరెపలాడింది. తర్వాత... లేదు. ఎవరో తీసుకున్నట్టు.

డ్రైవర్ అద్దంలో చూస్తున్నాడు. ఓపిగ్గా ఆగాడు. చిన్న పిల్లలు ఎక్కేటప్పుడు ఆగుతారు చూడండి, అలా. ఆగి, తెల్ల గ్లవ్ వేసుకున్న వేలితో ముందుకి చూపించి ఏదో అన్నాడు. తలుపు మూసుకుంది. బండి కదిలింది.

అప్పుడు కిటికీలోంచి చూశాను. ముసలావిడ గదిలోంచి బయటికి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద మంచులో, బండి పక్కనే, రెండు చేతులూ పైకెత్తి పరుగెడుతోంది. ఎనభై ఏళ్ళ మనిషి. ఒక చేతిలో ఎర్రగా ఏదో ఊగుతోంది. నోరు తెరిచి ఏదో అంటోంది. అద్దంలోంచి వినపడలేదు.

టాటా చెబుతోంది అనుకున్నాను.

నేను కూడా చెయ్యి ఊపాను.

చాము సీట్లో కూర్చుని ఉంది. తన పక్కన కిటికీ వైపు సీటు వదిలి కూర్చుంది. అరచెయ్యి తెరిచి ఆ సీటు మీద పెట్టింది. కాసేపటికి ఆ చెయ్యి మెల్లగా మూసుకుంది, దేన్నో పట్టుకున్నట్టు.

"తేజా," అంది గుసగుసగా. "చెయ్యి చల్లగా ఉంది... ఐస్‌లా ఉంది పాపం."

"చామూ..."

"ష్. మాట్లాడకు. వచ్చింది."

తన మొహం చూశాను. పది నెలల తర్వాత నా భార్య మొహం చూశాను. ఆ మాట ఇంతకంటే వేరేగా చెప్పలేను. మూడో కమలాపండు ఒలిచి సీటు మీద పెట్టింది. నవ్వుతోంది. నేను కూడా నమ్మాను. నమ్మకుండా ఎలా ఉంటాను? పిలిచింది నేను. మా అమ్మాయి పలికింది అనుకున్నాను. మొహం తిప్పుకుని ఏడ్చాను.

మొహం తిప్పుకోవడం వల్లే కింద చూశాను. వెనక తలుపు దగ్గర్నుంచి సీటు దాకా నేల తడిగా ఉంది. అడుగులు... ఉత్తి పాదాలు. వేళ్ళు కూడా కనిపిస్తున్నాయి. ఒక్కో అడుగు నా అరచెయ్యంత ఉంది.

దియ తొమ్మిదేళ్ళకే పొడుగరి. వాళ్ళమ్మ చెప్పులు దానికి సరిపోయేవి. దాని పాదం కొలత నాకు తెలుసు. చివరి రోజు ఆ పాదాలు పట్టుకుని కూర్చున్నవాణ్ణి.

సీటు అంచున చీటీ పడి ఉంది. ఏడో నంబరు. అంటే మేం ఎక్కిన స్టేషనే. దియ అక్కడ ఎందుకు ఎక్కుతుంది? అది వస్తే మాతోపాటు మొదటి నుంచీ రావాలి.

ప్లాట్‌ఫారం మీద పరిగెత్తిన మనిషి గుర్తొచ్చింది. చేతిలో ఎర్రగా ఊగినవి ఏమిటో గుర్తొచ్చింది.

నాకు పూర్తిగా తెలిసిన క్షణం అది. తలుపు పక్కన బటన్ ఉంది, ముందు డ్రైవర్ ఉన్నాడు, తర్వాతి స్టేషన్ ఐదు నిమిషాల్లో ఉంది. దిగి, ఎదురు బండి పట్టుకుని వెనక్కి వెళ్ళొచ్చు. పదమూడు నిమిషాలో, గంటో, రెండు గంటలో. నేనేం చేశానో చెబుతాను. చాము చూడకుండా, నా బూటుతో ఆ అడుగులు తుడిచేశాను. ఒక్కొక్కటే. తలుపు దాకా తుడిచాను.

మొరియోకాలో దిగుతుంటే డ్రైవర్ మా పాస్‌లు చూసి తలూపాడు. తర్వాత చాము పక్కన, నడుం ఎత్తు దగ్గర చూసి నవ్వి, చెయ్యి చాపాడు. నేను ఏడో నంబరు చీటీ, కొన్ని చిల్లర నాణేలు ఇచ్చాను. పిల్లల టికెట్.

అలా జెర్సీ సిటీ దాకా తెచ్చుకున్నాం.

చాము ఇప్పుడు బాగుంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం. వంట చేస్తోంది. మూడు కంచాలు పెడుతోంది. కింది ఫ్లాట్‌లో ఉండే స్మృతి, చాముకి ఉన్న ఒక్క స్నేహితురాలు, మొన్న లిఫ్ట్‌లో ఆపి, "అన్నా, అక్క నవ్వుతుంటే ఎంత హ్యాపీగా ఉందో. థెరపీకి వెళ్తోందా?" అని అడిగింది. అవునన్నాను.

రోజూ సాయంత్రం ఐదింటికి మా పెద్ద కిటికీ అద్దం మీద, నడుం ఎత్తులో, ఊపిరి తగిలినట్టు ఒక మసక పడుతుంది. కింద వీధిలో లైట్‌రైల్ బండి వెళ్తుంటుంది. "చూశావా, దీనికి రైళ్ళంటే ఎంత ఇష్టమో," అంటుంది చాము. నేను వింటూ ఉంటాను. ఆ అద్దం దగ్గర్నుంచి సన్నగా, ఎవరికీ వినపడకూడదని అణుచుకున్న ఏడుపు వస్తుంది. చీకటంటే భయం. అమ్మ కోసం చూస్తోంది. నాకు ఆ పిల్ల పేరు కూడా తెలియదు. పేరు తెలిస్తే కనీసం పిలిచి ఊరుకోబెట్టేవాణ్ణి.

తిరిగి తీసుకెళ్ళి దిగబెట్టాలని మూడుసార్లు టికెట్లు చూశాను. మూడుసార్లూ వంటింట్లోంచి చాము పాట వినిపించింది. ల్యాప్‌టాప్ మూసేశాను.

వచ్చిన పదో రోజు పొద్దున దియ నోట్‌బుక్ తెరిచి చూశాను. తొమ్మిదో పేజీలో, చాము వేసిన వంకర స్టాంపు పక్కన, అదే స్టాంపు ఇంకొకటి ఉంది. చెట్టు, రైలు. తిన్నగా ఉంది. గీత గీసినట్టు తిన్నగా. వేలు పెడితే ఇంకు అంటింది.

రెండు రోజుల తర్వాత, మొరియోకా పేజీలో. తర్వాత సెందాయ్. నోట్‌బుక్‌ని ఆఫీసుకి తీసుకెళ్ళి డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాను. మర్నాడు తాళం తీసి చూస్తే టోక్యో. అన్నీ తిన్నగా, ఓపిగ్గా, పెద్దవాళ్ళ చేత్తో వేసినట్టు. మేం తిరిగొచ్చిన దారి అది. ఎవరో ఒక్కో స్టేషన్‌లో దిగి, చూసి, అడిగి, మళ్ళీ ఎక్కుతున్నారు.

పోయిన గురువారం నరిటా ఎయిర్‌పోర్ట్ స్టేషన్. ఆ తర్వాత వారం రోజులు ఏమీ లేదు. సముద్రం అడ్డం వచ్చింది కదా, ఇక రాలేదులే అనుకున్నాను. అలా అనుకుని ఊపిరి పీల్చుకున్నందుకు కూడా నాకు నా మీద అసహ్యం వేసింది.

ఈరోజు పొద్దున కొత్త పేజీలో ఒకటి ఉంది. దియ ఏ స్టేషన్ పేరూ రాయని పేజీ. ఎర్ర ఇంకు. నది, నది కింద రైలు, ఒడ్డున పొడుగాటి భవనాలు, చుట్టూ జపాన్ అక్షరాలు. ఫోన్ పెట్టి చదివించాను. "గ్రోవ్ వీధి" అంది ఫోను. మా స్టేషన్‌లో స్టాంపులు లేవు. ఎప్పుడూ లేవు.

ఇంతవరకూ ఆఫీసులో కూర్చుని రాశాను. పని చేస్తున్నట్టు కనిపించాలి కదా. ఈ మిగతాది మా ఇంటి గుమ్మం ముందు, కారిడార్‌లో నేల మీద కూర్చుని ఫోన్‌లో రాస్తున్నాను.

కారిడార్‌లో చెప్పులు పెట్టొద్దని లీజింగ్ ఆఫీస్ వాళ్ళు నెలకో నోటీసు అంటిస్తారు. మనవాళ్ళెవరూ వినరు. మా గుమ్మం పక్కన ఎప్పుడూ చాము చెప్పులు ఉంటాయి. ఈరోజు వాటి పక్కన ఒక జత ఎర్ర రబ్బరు బూట్లు ఉన్నాయి. చిన్నవి. మడమల దగ్గర మంచు ఉంది, ఇంకా కరగలేదు. ముందువైపు బయటికి తిప్పి ఉన్నాయి.

వాటిని చూసి భయం కంటే ముందు, నిజం చెబుతున్నాను, హమ్మయ్య అనిపించింది. వచ్చింది. వాళ్ళమ్మ వచ్చింది. ఎవరి పిల్లని వాళ్ళకి ఇచ్చేద్దాం. లోపలికి వెళ్ళి చాముకి చెబుతాను, అది దియ కాదని. ఆ అడుగులు తుడిచింది నేనేనని. తిట్టనీ, కొట్టనీ. ఇద్దరం కూర్చుని దియ కోసం మళ్ళీ మొదటి నుంచి ఏడుద్దాం.

తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు చూశాను, చాము చెప్పులు కూడా బయటివైపే తిరిగి ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, తిన్నగా. వెళ్ళేవాళ్ళకి పెట్టినట్టు.

లోపల చాము నవ్వుతోంది. ఎవరికో జడ వేస్తున్నట్టు, "కదలకు, అయిపోయింది, అయిపోయింది," అంటోంది.

చెప్పులు లోపలివైపు తిప్పి పెట్టాను. తలుపు వైపు చూసి మళ్ళీ కిందికి చూసేసరికి బయటికి తిరిగి ఉన్నాయి. మళ్ళీ తిప్పాను.

ఐదవడానికి ఇంకా నాలుగు నిమిషాలు ఉన్నాయి. ఇప్పటికి ఆరుసార్లు తిప్పాను. కారిడార్ చివర లిఫ్ట్ టింగ్ అంది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ దిగలేదు. తలుపులు మూసుకోవడం లేదు.